అందరూ మెచ్చుకున్న రొట్టె

నా చిన్నప్పుడు నాకు ఒకటే పట్టుదల. జొన్నరొట్టె కొట్టడంలో మా చిన్నమ్మను మించిపోవాలి. ఝరాసంగం దగ్గర మా ఊళ్ళో ఆమె రొట్టెకు పేరు. పెనమంత వెడల్పు ఉండేది, అంచు ఎక్కడా చీలేది కాదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేను కొట్టిన రొట్టె పెనం మీదికి ఎత్తేలోపే రెండు ముక్కలయ్యేది. మా నాయనమ్మ దాన్ని చూసి, "గిది బర్రెకు ఎయ్యి" అనేది. నేను ఏడ్చి, ముక్కు చీదుకుని, మళ్ళీ పిండి ముందు కూర్చునేదాన్ని.

ఆ ఏడు వానాకాలంలో నాకు జ్వరం పట్టుకుంది. జహీరాబాద్ దవాఖానలో వారం పైన పడి ఉన్నాను. నాయనమ్మ మంచం పక్కనే కూర్చుని, నా తల నిమురుతూ స్వర్గం గురించి చెప్పింది. "ఆడ ఎవ్వరు తిట్టరు బిడ్డా. రొట్టె చెయ్యి పెట్టకుంటనే గుండ్రంగైతది. ఒకరు ఎక్కువ లేదు, ఒకరు తక్కువ లేదు." నేను దక్కనేమోనని ఆమె ఎంత భయపడితే ఆ కథ ఎత్తుకుందో నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. అప్పుడు నా బెంగ వేరు. అక్కడ చిన్నమ్మ రొట్టె, నా రొట్టె ఒకటే అయితే ఇక నేనేం చెయ్యాలి?

జ్వరం తగ్గి ఇంటికి వచ్చాం. మర్నాడు పొద్దున్నే పిండి కలిపాను. వేళ్ళలో సత్తువ లేదు. రొట్టె ఎప్పటికన్నా ఘోరంగా చిరిగింది. చిన్నమ్మ ఆ ముక్కలే తిని, "నాకంటే మంచిగ చేసినవ్" అంది. నాన్న ఇంకో ముక్క అడిగి మరీ తీసుకున్నాడు. నాకు ఒళ్ళు జల్లుమంది.

ఏమంటారో చూద్దామని పాలగిన్నెను కావాలనే తన్నాను. "పోనీ తియ్" అని నవ్వింది అమ్మ. తమ్ముణ్ణి గిచ్చాను. రోజూ ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు, "ఏం కాదక్కా" అన్నాడు. ఇక అనుమానం లేదు. నేను చచ్చిపోయాను, ఇదే స్వర్గం. ఇక్కడ కష్టపడినా పడకపోయినా ఒకటే. మించిపోవడానికి ఎవరూ లేరు, ఎప్పటికీ ఇంతే. ఆ 'ఎప్పటికీ' తలచుకుంటే కాళ్ళు వణికాయి. నరకమే నయం, అక్కడ కనీసం తిడతారు అనుకున్నాను.

కొట్టంలో పేడ ఎత్తుతున్న నాయనమ్మ దగ్గరికి పరుగెత్తి కొంగు పట్టుకున్నాను. "అవ్వా, నేను సచ్చిపోయిన్నా?"

ఆమె ముఖం పాలిపోయింది. ఏడుస్తూ అంతా చెప్పాను. చేతులు కడుక్కుని, నన్ను పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళి, మిగిలిన రొట్టె ముక్క నోట్లో వేసుకుంది.

"థూ! గిది రొట్టెనా? నీళ్ళు మంచిగ మసలలె, పిండి పిసకలె. కూసో, మల్ల కొట్టు."

అమ్మ కంగారుగా ముందుకొచ్చింది. "అత్తా, పిల్లను ఏడిపియ్యద్దని డాక్టరు చెప్పిండు గదా!"

"ఏడ్వనియ్" అంది నాయనమ్మ. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి.

అందరూ నన్ను ఎందుకు మెచ్చుకుంటున్నారో అప్పుడు తెలిసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. వెక్కుతూనే పిండి పిసికాను. ఆ రొట్టె కూడా చిరిగింది, బర్రెకే పోయింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. జహీరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఏ లోటూ లేదు. "కూసో అత్తమ్మా, నువ్వేం చెయ్యకు" అంటుంది కోడలు, మంచి పిల్ల. అలా రెండు రోజులు కూర్చున్నానంటే కాళ్ళలో ఆ వణుకు మొదలవుతుంది. అందుకే పక్కింట్లో అందరూ ఆపా అని పిలిచే ముస్లిం అక్క దగ్గర ఉర్దూ రాయడం నేర్చుకుంటున్నాను. ఆమెకు మొహమాటం లేదు. నిన్న నేను రాసిన పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది. ఇంటికి రాగానే సంబరంగా కోడలికి చూపించాను, "సూడు, ఒక్కటి సక్కగ రాలె!" అని. ఇందులో సంతోషించడానికి ఏముందో ఆ పిల్లకు అర్థం కాలేదు. ఈ వయసులో నాకు చావంటే అంత భయం లేదు. ఏం చేసినా బాగుందనే ఇల్లంటేనే భయం.