విప్పి చూడందే సంతకం పెట్టని మనిషి

మా ఆయన లిఫ్టు మెకానిక్. పనిచేసే చోట ఆయన్ని 'మరోసారి గారు' అంటారు. పని అయిపోయి, లిఫ్టు పైకీ కిందికీ సాఫీగా తిరుగుతుంటే, అందరూ పనిముట్ల పెట్టెలు సర్దుకుంటుంటే, ఈయన మాత్రం "మరోసారి చూద్దాం" అంటాడు. ఇరవై రెండేళ్లలో ఆయన సరిచూసిన లిఫ్టు ఒక్కటీ మధ్యలో ఆగలేదు. ఆ పేరు ఆయనది. గ్యాస్ కట్టేశావా అని పడుకునేలోపు మూడుసార్లు అడిగించుకునే యోగం నాది.

ఆయనకు జీతం లేని రెండో ఉద్యోగం ఒకటుంది. లినక్స్ అని, కంప్యూటర్లను నడిపే ఉచిత వ్యవస్థ ఉంది. దానికోసం ఎక్కడెక్కడివాళ్లో ప్రోగ్రాములు రాస్తారు. వాటిని పరీక్షించి, ప్యాకేజీలుగా కట్టి, సంతకం పెట్టి అందరి కంప్యూటర్లకూ పంపే స్వచ్ఛంద సేవకులు కొంతమంది ఉన్నారు. ఈయన వాళ్లలో ఒకడు. సంతకమంటే కలంతో కాదు, ఎవరికి వాళ్లు కంప్యూటర్లో దాచుకునే ఒక రహస్య తాళంతో. నేను కొరియర్ ఆఫీసు కౌంటర్లో కూర్చుంటాను కాబట్టి నాకు ఇలా అర్థమైంది: మేం పార్సెల్ విప్పం, సీలు చూసి పంపేస్తాం. ఈయన విప్పి, లోపలున్న ప్రతి గుడ్డా దులిపి చూసి, మళ్లీ మడతపెట్టి పంపుతాడు.

వెనక వరండాలో వాషింగ్ మిషన్ పక్కన మడత బల్ల, దాని మీద పాత ల్యాప్‌టాప్. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు అక్కడ చేరతాడు. చేతిలో పదకొండు ప్యాకేజీలు. పదింటి మాట ఎలా ఉన్నా, పదకొండోది ప్రాణాంతకం. కుదించి పంపిన ఫైళ్లను తిరిగి విప్పే చిన్న ప్రోగ్రాము అది. ఆస్పత్రిలో, బ్యాంకులో, స్కూల్లో అది లేని కంప్యూటర్ లేదట. అందులో ఎవడైనా చెడ్డ ముక్క దూర్చి, ఈయన చూడకుండా సంతకం పెడితే, లక్షల ఇళ్ల తలుపులు ఒకేసారి తీసిపెట్టినట్టేనట. ఇంత బరువు జీతం లేకుండా మోసేవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు. పిచ్చివాడనే చాలాసార్లు అన్నాను.

ఆ గుంపులో ఒక పద్ధతుంది. కొత్తవాళ్లను నమ్మాలంటే మెయిల్ ఉత్తరాల పరిచయం చాలదు. ఎదురుపడాలి, ఫొటో ఉన్న కార్డు చూపించాలి, తమ తాళం తాలూకు నలభై అక్షరాల గుర్తును పైకి చదవాలి. అవతలివాళ్లు కాగితం మీద ఒక్కొక్క అక్షరానికీ టిక్కు పెట్టుకోవాలి. మా తమ్ముడు కూడా ఇందులో చేరదామని ముచ్చటపడి ఓ ఆదివారం భోజనానికి వచ్చాడు. నలభై అక్షరాలూ చదివాడు. కార్డు మాత్రం వేరే ప్యాంటు జేబులో ఉండిపోయింది.

"అయితే కుదరదు," అన్నాడు మా ఆయన.

"బావా, మీ పెళ్లి ఫొటోలో మీ పక్కన ముందు పళ్లు లేకుండా నవ్వుతున్నది నేనే కదా."

"ఆ ఫొటోలో నువ్వే. నీ పూర్తి పేరు ఇదేనని కాగితం ఏది?"

తమ్ముడు పెరుగన్నం కలపకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆర్నెల్లు మా గడప తొక్కలేదు.

రెండు నెలల కిందట ఒక ఆస్పత్రి మిద్దె మీద, లిఫ్టు మోటారు గదిలో ఈయన కళ్లు తిరిగి పడ్డాడు. తోటి మెకానిక్ భుజం పట్టుకోకపోతే తల ఇనుప దిమ్మెకు కొట్టుకునేది. డాక్టరు బీపీ చూసి, "రోజుకి ఏడు గంటలు పడుకోండి. లేకపోతే ఈసారి ఈ ఆస్పత్రికి మీరు లిఫ్టు బాగుచెయ్యడానికి రారు," అంది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆయన మర్నాడు మళ్లీ నాలుగున్నరకే లేచాడు.

ఆ పదకొండో ప్యాకేజీ తీసుకుంటానని అడిగేవాడు లేడా అంటే, ఉన్నాడు. 'పిచ్చుక' అనే మారుపేరుతో రెండేళ్లుగా తప్పులు దిద్ది పంపుతున్నాడు. చక్కగా రాస్తాడు, అడిగింది చేస్తాడు, థాంక్స్ చెప్తాడు.

"అదే నాకు నచ్చట్లేదు," అన్నాడు మా ఆయన. "రెండేళ్లలో ఇరవైసార్లు తిప్పి పంపాను. ఒక్కసారి కూడా కోపం రాలేదు. మనిషన్నాక విసుగు రాదా?"

"కోపం వస్తే పొగరంటారు, రాకపోతే దొంగంటారు. వాడు ఎలా బతకాలండీ?"

"మంచితనం అంత నిలకడగా ఉండదు," అని మళ్లీ ల్యాప్‌టాప్‌లో తలదూర్చాడు.

ఇక లాభం లేదనుకున్నాను. ఆ గుంపు ఉత్తరాలన్నీ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. బయటివాళ్లు నలుగురూ గోల పెడితే ఈయన దిగొస్తాడని నా బుర్రకు తట్టింది. ఆఫీసులో భోజనం వేళ మూడు కొత్త మెయిల్ ఖాతాలు తెరిచాను. ఒక లెక్చరర్‌నయ్యాను, ఒక ఆస్పత్రి కంప్యూటర్ ఉద్యోగినయ్యాను, ఒక విద్యార్థినయ్యాను. ఈయనకు ఓపిక లేదు, మార్పులన్నీ పేరుకుపోతున్నాయి, పిచ్చుకకు అప్పజెప్పండి అని వారం రోజుల్లో ముగ్గురి పేరుతోనూ రాశాను. మా ఆయన ప్రాణం కోసమే రాశాను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

నాకు తెలియని సంగతొకటి ఉంది. ఖాయం కానిదేదీ నోటి వెంట రానివ్వడు కదా ఈయన. పిచ్చుకను అప్పటికే రమ్మన్నాడట. వచ్చే రెండో ఆదివారం బస్టాండులో కార్డు, నలభై అక్షరాలు, అన్నీ మాట్లాడుకున్నారట. పిచ్చుక టికెట్ కూడా తీసుకున్నాడట.

ఓ సాయంత్రం షర్టు కూడా విప్పకుండా నన్ను వరండాలోకి పిలిచాడు.

"చూడు, పిచ్చుకకి ఇవ్వమని ఎవరెవరో రాస్తున్నారు. ఒక్కళ్లకీ పాత చరిత్ర లేదు, అన్నీ ఈ నెలలో పుట్టిన పేర్లే. పైగా అందరూ ఒంటిగంటా రెండింటి మధ్యే రాస్తారు. దొంగలకి కూడా భోజనం బ్రేకు ఉంటుందేమో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చీర కొంగు సవరించుకున్నాను. అప్పుడే చెప్పాల్సింది. పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

నేను వెనక్కి వచ్చేసరికి ఆయన అందరికీ రాసేశాడు: పిచ్చుక కోసం బినామీ పేర్లతో ఒత్తిడి తెస్తున్నారు, నేనతన్ని నమ్మను, ఎవరూ నమ్మకండి. మర్నాడు పిచ్చుక జవాబు వచ్చింది. "ఆ పేర్లెవరివో నాకు తెలియదు. రెండేళ్లు మీరు చెప్పినట్టల్లా చేశాను. టికెట్ రద్దు చేసుకున్నాను. మీ పెట్టె మీరే కాపలా కాసుకోండి." మా ఆయన ఆ ఉత్తరాన్ని చాలాసేపు చదివాడు. కోపం రాని మనిషికి కోపం తెప్పించింది నేను. ఆ రోజు కౌంటర్లో రెండు పార్సెళ్లకు తప్పు స్లిప్పులు అంటించాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకని దొంగే వెళ్లి చెప్పాలి. శనివారం పొద్దున ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఎన్ని రాశావు?"

"మూడు."

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. "నాలుగున్నాయి."

లెక్చరర్ నేనే, ఆస్పత్రి ఉద్యోగి నేనే, విద్యార్థి నేనే. నాలుగోది ప్రెస్సులో పనిచేస్తున్నానన్న ఎవరిదో. మంగళవారం, ఒంటిగంటా ఇరవై. నా మాటల్నే కాస్త అటూ ఇటూ తిప్పి రాసినట్టుంది.

"ఇది నాది కాదండీ."

"మంగళవారం ఆఫీసులోనే ఉన్నావు కదా."

"ఉన్నాను. రాయలేదు."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "బాగా గుర్తు తెచ్చుకో. నాలుగూ నీవే అయితే పిచ్చుక ఏ పాపం ఎరగనివాడు. ఇప్పుడే క్షమాపణ రాస్తాను, కాళ్లావేళ్లా పడి రమ్మంటాను, చూసి అప్పజెప్పేస్తాను. నీది కాకపోతే, వాణ్ణి లోపలికి తోయాలని చూసేవాళ్లు ఇంకెవరో ఉన్నారు. అప్పుడు వాడికి ఇవ్వలేను. ఎవరికీ ఇవ్వలేను."

ఒక్క 'అవును' చాలు. ఏడు గంటల నిద్ర, డాక్టరు మాట, మా ఇద్దరి ముసలితనం, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నోటి దాకా వచ్చింది. కానీ ఆ నాలుగోవాడు నిజంగానే దొంగైతే, ఈయన సంతకంతో వాడికి తలుపు తీసింది నేనవుతాను.

"మూడే," అన్నాను. "మీ మీద ఒట్టు."

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని నా ముఖంలోకి చూశాడు. "సరే," అన్నాడు.

మర్నాడు నాలుగున్నరకే లేచాడు. నేనూ లేచి టీ పెట్టి తీసుకెళ్లాను. నా అడుగుల చప్పుడు వినగానే ల్యాప్‌టాప్ మూత దించేశాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన నన్ను చూసి ఆ మూత దించడం అదే మొదలు.