జేబులో మూడు వేరుశనగ ఉండలు

ఎనభైల కరువులో శింగనమల చెరువు పూడిక తీసే పనుల్లో కూలీలు తవ్విన గుంతలు కొలిచేవాణ్ణి. బడి చదువు లేకున్నా, పొడవు, వెడల్పు, లోతు నోటితోనే హెచ్చవేసేవాణ్ణి. చక్కెర జబ్బుకు రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేసుకునేవాణ్ణి.

కొలత పూర్తయ్యేదాకా ఎవరూ సంగటి మూట విప్పేవారు కాదు. ఆ రోజు నేనూ విప్పలేదు. మధ్యాహ్నం రెండుకు చెమట, వణుకు. సూది వేసుకుని తిండి తప్పడంతో ఒంట్లో చక్కెర పడిపోతోందని తెలిసి, జేబులోని మూడు వేరుశనగ ఉండలు, బెల్లం పాకంతో కట్టినవి, నమిలాను. పావుగంటైనా తగ్గలేదు. పదిని ఆరుతో హెచ్చవేస్తే ఎంతో తట్టలేదు.

“ఏమప్పా, తాగొచ్చినావా?” ఎవరో నవ్వారు. నేను కూలబడ్డాను.

మట్టి మోస్తున్న ఓబుళమ్మ తట్ట పారేసి పరుగెత్తింది. “తాగుడు కాదురా, మా నాయనకీ ఇట్లే అయితాండె!” టీ అంగడి నుంచి చక్కెర తెచ్చి, నీళ్లలో కలిపి తాగించింది. “మింగన్నా, మింగు.”

పది నిమిషాలకు అంకెలు తిరిగొచ్చాయి.

“ఉండలు తిన్నానమ్మా” అన్నాను నీరసంగా.

“శనక్కాయలు అరిగేదెప్పుడు, నువ్వు లేచేదెప్పుడన్నా?”

తీపి ఎంతో లెక్క వేసుకున్నాను గానీ, అది ఒంటికి ఎంతసేపటికి అందుతుందో వేసుకోలేదు. ఇప్పుడు జేబులో చక్కెర పొట్లం కూడా ఉంటుంది, వణుకొస్తే ముందు అదే. ఉండలు, కోలుకున్నాక నెమ్మదిగా నములుతాను.