రెండు గంటలు కలిపే మామయ్య

విమానం ఎంతసేపట్లో దిగుతుందని ఎవరడిగినా, అసలు సమయానికి రెండు గంటలు కలిపి చెప్పడం మామయ్యకున్న జబ్బు. పాతికేళ్లుగా టికెట్ల ఆఫీసు నడుపుతున్న మనిషి! ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన వయసు అడిగితే మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటాడు.

ఆ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే మేనకోడలికి ఇది ప్రాణసంకటంగా ఉండేది.

"ఏడువేల ఎనిమిది వందల కిలోమీటర్లు. పదకొండున్నర గంటలు," అనేవాడు మామయ్య.

టికెట్టు కోసం వచ్చినాయన తెరలోకి తొంగిచూసేవాడు. "ఇక్కడ తొమ్మిదిన్నర అని ఉంది కదండీ?"

"అది విమానం లెక్క. ఇది నా లెక్క!"

ఒకావిడ అంతసేపు గాల్లో ఉండలేనని ఎదురు ఆఫీసుకు వెళ్లి టికెట్టు కొనుక్కుంది. మేనకోడలు నెత్తి కొట్టుకుంది. మామయ్య మాత్రం, "పోనీలే, క్షేమంగా దిగితే చాలు," అన్నాడు తాపీగా.

ఇంతలో అమ్మమ్మ ప్రయాణం వచ్చింది. ముప్పై ఏళ్లుగా చూడని అక్కగారి దగ్గరికి, ఆ ఏడువేల ఎనిమిది వందల కిలోమీటర్ల ఊరికే, మొట్టమొదటిసారి విమానంలో! ఇల్లంతా ఒకటే హడావుడి. తాతయ్య మోకాళ్లు సహకరించక ఆగిపోయాడు. అమ్మమ్మ కూరలకు వెళ్లి పది నిమిషాలు ఆలస్యమైతే వీధిలోకి వచ్చి నిలబడే మనిషాయన. ఆయనకూ మామయ్య పదకొండున్నరే చెప్పాడు.

విమానం తెల్లవారగానే లేచింది. తొమ్మిదిన్నర గంటలు గడిచాయి. ఆ రోజు ఆఫీసుకు వెళ్లని మేనకోడలి ఫోను తెర మీద విమానం బొమ్మ ఆ ఊరి చుట్టూ గిరగిరా తిరుగుతోంది తప్ప దిగడం లేదు. అక్కడ జోరున వానట. ఇంకో గంట గడిచింది. తాతయ్య ఏమైపోతున్నాడోనని మేనకోడలు ఆయన ఇంటికి పరుగెత్తింది.

తాతయ్య తీరిగ్గా టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు.

"తాతయ్యా, కంగారు పడకు!"

"నాకెందుకే కంగారు? మీ మామయ్య పదకొండున్నర అన్నాడుగా, ఇంకా గంట ఉంది. నువ్వెందుకలా వగరుస్తున్నావు? కూర్చో, నీళ్లు తాగు."

ఇరవై నిమిషాలకు ఫోను మోగింది. "దిగానండీ!" అంది అమ్మమ్మ. బయట ఎదురుచూస్తూ ఆ ఫోను కలిపిన అక్కగారు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"అప్పుడేనా?" తాతయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు, మోకాళ్ల సంగతే మరిచిపోయి. "నలభై నిమిషాలు ముందే!"

మేనకోడలు వెంటనే పక్కకు వెళ్లి మామయ్యకు ఫోను చేసింది. "కావాలనే కలుపుతున్నావు కదూ?"

"పైనున్నవాళ్లకి కూర్చోడానికి సీటైనా ఉంటుంది. కింద ఎదురుచూసేవాళ్లకి ఏముంటుంది చెప్పు? అందుకే ఓ రెండు గంటలు పడేస్తాను."

"మరి అసలు లెక్క తెలిసినవాడివి, నువ్వెలా కూర్చున్నావు?"

"ఎక్కడ కూర్చున్నానే? గంటా ఇరవై నిమిషాలుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను!"

ఇంతలో తాతయ్య వచ్చి ఫోను లాక్కున్నాడు. "ఒరేయ్, మీ అమ్మ తిరిగొచ్చేటప్పుడు కూడా ఆ డ్రైవరునే మాట్లాడు. చెయ్యి తిరిగినవాడు!"

"అలాగే నాన్నా," అన్నాడు మామయ్య ఎంతో వినయంగా, "ఇప్పుడే చెప్పి ఉంచుతాను."