పూజ అరలో డేనిష్ వాచకం

మా ఆడపడుచు నిద్రలోనే పోయింది. ఆ కబురు చెప్పడానికి డెన్మార్క్ నుంచి ఫోన్ చేసిన మనవరాలు "అవ్వా, ఈడ మంచు పడతాంది, నువ్వు అన్నం తిన్నావా?" అంటూ ఎటెటో తిరిగి చివరికి అసలు సంగతికొచ్చింది. మా ఇంట్లో సూటిగా మాట్లాడేవాళ్ళం మా ఆడపడుచూ నేనూ ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్ని మిగిలాను. పాఠకులు కాస్త ఓర్చుకోవాలి.

ఆమె మద్రాసులో డెన్మార్క్ వాళ్ళ ఆఫీసులో టైపిస్టు. వాళ్ళ ఉత్తరాలు టైపు చేస్తూ చేస్తూ ఆ భాష మీద మనసు పడింది. స్కాలర్‌షిప్ సంపాదించుకుని, స్కాండినేవియా భాషలు, సాహిత్యం, సంస్కృతి చదవడానికి అక్కడి విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. నేను కువైట్‌లో, సాల్మియాలో పంతులమ్మను. చదువంటే గౌరవం ఉన్నదాన్నే. అయినా ఆగలేక అడిగాను.

"ఆ చలిదేశాల భాష నేర్చుకోని యాడ అమ్ముతావమ్మాయ్?"

"అమ్మేదానికి కాదు వదినా, వినేదానికి."

ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆ వేసవిలో ఆమె సెలవులకని మా దగ్గరికి వచ్చి ఉంది. చదువు ఇంకొక్క ఏడాదే మిగిలింది. చీరలు రెండు, పుస్తకాలు పెట్టెడు. వచ్చిన వారంలోనే నాతో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియాకు కూరగాయలకు వచ్చి, ఆ రద్దీలో నిలబడి తన చదువంతా విప్పి చెప్పింది. "డేనిష్, నార్వేజియన్, స్వీడిష్ మూడూ ఈ వీధి మాదిరే వదినా. కడపామె మాట్లాడితే కరీంనగర్ ఆయనకి అర్థమైతాది. అయినా రూముకు పోయి పడీపడీ నవ్వుతాడు. ఆడా అంతే." నాకు ఆ సబ్జెక్టు గురించి తెలిసిందంతా ఆ బెండకాయల గంప దగ్గర తెలిసిందే.

భోజనాల బల్ల మీద కొవ్వొత్తి పెట్టడం ఆమె అక్కణ్ణించి తెచ్చుకున్న అలవాటు. కరెంటు ఉండగా ఇదేం చోద్యమంటే, "ఆడ చలికాలంలో మధ్యాన్నానికే పొద్దు గూకుతాది. అందుకని చీకటిని గూడా బోజనానికి పిలుస్తారు" అనేది. తర్వాత నిజంగానే కరెంటు పోయి, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని కూర్చున్నప్పుడు ఆ కొవ్వొత్తి ముందు మేం నలుగురం తిన్నాం. నేను, మా ఆయన, ఆమె కాక నాలుగో మనిషి పై అంతస్తులో పనిచేసే రాయచోటి ఆమె. "మా మామా సెలవలకి పోయి మల్లా రాల్యా అక్కా, నేనొక్కదాన్నే ఎట్లుండేది?" అంటూ మా ఇంటికి దిగివచ్చింది. మామా అంటే ఇక్కడ యజమానురాలు.

సైనికులు తెల్లవాళ్ళ కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారని, దాచిన వాళ్ళను కూడా పట్టుకుపోతున్నారని తెలిసింది. మా ఇంట్లో తెల్లవాళ్ళు లేరు, పెట్టెడు తెల్లవాళ్ళ పుస్తకాలున్నాయి. కడప ఆడపిల్ల డేనిష్ చదువుతుందంటే మాకే నమ్మకం కుదరలేదు, తుపాకీ పట్టుకున్నవాడికి ఎట్లా కుదురుతుంది? కాల్చేద్దామన్నాడు మా ఆయన.

"అన్నా, నేను రాసుకున్న పరీక్ష కాయితాలు గూడా దాన్లోనే ఉండాయి. అవి పాయినంక నేను పొయ్యేది ఊరికే చలికి వణికేదానికే" అంది. ఏడవలేదు. పెట్టె మీద కూర్చుంది.

నేను లేచి నా పెళ్ళి పట్టుచీర చించాను. పుస్తకాలు, కాగితాలు అందులో చుట్టి, పసుపు రాసి, పైనుంచిన వాచకానికి కుంకుమ బొట్టు పెట్టి, వంటింటి అలమరలో వెంకటేశ్వరస్వామి పటం కింద సర్దాను. "చదువుల తల్లికి ఏ భాషైనా ఒకటే, గమ్మునుండు" అన్నాను.

వాళ్ళు రానే వచ్చారు. ఇల్లు కలియబెట్టిన తర్వాత ఒక కుర్రసైనికుడు వంటింట్లోకి వచ్చి, వాచకం తీసి, లోపలి అక్షరాలు చూశాడు. "ఇంగ్లీజీ?" అన్నాడు.

"లా, లా, కాదు. మా ప్రార్థన పుస్తకం" అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.

చదవమన్నట్టు మా ఆడపడుచు చేతికిచ్చాడు.

డేనిష్ మామూలుగా నోట్లో వేడి సంగటిముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. ఆమె కళ్ళు మూసుకుని, దాన్ని స్తోత్రం చదివే రాగంలో ఎత్తుకుంది. నేను గంట వాయించాను. రాయచోటి ఆమె చేతులు జోడించి, ఆఖరున నిండుగొంతుతో "గోవిందా! గోయింద!" అంది. ఆ కేకకు నేనే నమ్మేశాను. ఖర్జూరం ముక్కలు ప్రసాదమని చేతిలో పెడితే, ఆ అబ్బాయి తినకుండా నిలబడ్డాడు.

"నేను మా అమ్మ దగ్గరికి ఎప్పుడు పోతానో అందులో ఉందా?" అన్నాడు.

అతనడిగింది నేను తెలుగులో చెప్పాను. మా ఆడపడుచు ఈసారి రాగం తీయలేదు. నెమ్మదిగా, మాట మాట విడదీసి ఒక వాక్యం చదివి, నాకు అర్థం చెప్పింది. నేను అరబ్బీలోకి మార్చాను: "పడవ ఆలస్యం. అయినా వస్తుంది." అతను ఖర్జూరం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు చేరాడో లేదో నాకు తెలియదు. చేరాలని ఇప్పటికీ అనుకుంటూంటాను.

"శానా బాగుండాది మంత్రం. ఏ దేవునిదక్కా?" అంది రాయచోటి ఆమె.

"పడవది" అంది మా ఆడపడుచు. అది వాచకంలో తొలి పాఠమట. రేవులో ఒక ముసలాయన, ఒక పాప పడవ కోసం ఎదురుచూస్తుంటారు. అంతే కథ. నవ్వు మొదలైతే ఆపుకోలేకపోయాం.

కువైట్ వదిలి బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ దాకా వెళ్ళిన బస్సులో ఆ పట్టుమూట ఆమె ఒళ్ళోనే ఉంది. తనిఖీ వచ్చిన ప్రతిచోటా రాయచోటి ఆమె ముందుగా మూటకు దండం పెట్టేది. సైనికులు చూపు తిప్పుకునేవాళ్ళు. తరగతులు సగం అయిపోయాక మా ఆడపడుచు విశ్వవిద్యాలయానికి చేరింది. లైబ్రరీ ఆవిడ కుంకుమను మరకనుకుని తుడవబోతే చెయ్యి పట్టుకుందట. "లేట్ అయింది వదినా, అయినా వచ్చినా" అని ఒక్క ముక్క రాసింది నాకు. చదువు పూర్తి చేసింది. తర్వాత అక్కడే పాఠాలు చెప్పింది. ఏటా కొత్తగా చేరినవాళ్ళ వాచకాలకు మొదటి రోజున బొట్టు పెట్టి, పడవ పాఠం చదివించి, ఆఖరున ఏమనాలో కూడా నేర్పేది. మొన్న శరత్కాలంలో ఆ బొట్టు మా మనవరాలి వాచకానికి పడింది. యుద్ధం అయ్యాక మేం తిరిగొచ్చిన ఇదే సాల్మియాలో పుట్టిన పిల్ల. ఎక్కడ అమ్ముతావని దాన్ని నేను అడగలేదు.

అంత్యక్రియల వీడియో పంపింది. మంచులో, నల్లకోట్లలో, తాటిచెట్లంత పొడుగు పిల్లలు బారులు తీరి నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో వాచకం, దాని మీద ఎర్రటి చుక్క. మా మనవరాలు పడవ పాఠం చదివింది. చివరి వాక్యం అయ్యాక వాళ్ళంతా నోట్లో సంగటి పెట్టుకున్న గొంతుతోనే "గోవిందా" అన్నారు. ఆ మాటతో పాటు నోళ్ళలోంచి తెల్లటి ఆవిరి లేచి, కాసేపు వాళ్ళ తలల మీదే నిలిచింది.