తహ్వో మామ మళ్ళీ పొగ మానేశాడు

మా ఊరు హౌకిసల్మిలో పొగ మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, తహ్వో నెవలైనెన్ మానేసినన్ని సార్లు మానేసినవాడు ఇంకొకడు లేడు. సరస్సు మీద మంచు కరిగితే ఒకసారి మానేస్తాడు. మంచు గడ్డకడితే ఒకసారి. మధ్యలో, అడవిలో బెర్రీ పళ్ళు నల్లబడే రోజుల్లో, ఊరికే కూర్చోలేక ఇంకోసారి. ఊళ్ళో అందరికీ ఆయన మామే. "తహ్వో మామ మళ్ళీ మానేశాడట" అంటే "అయితే వాతావరణం మారుతున్నట్టుంది" అనుకుని జనం గొడుగులు తీసేవారు.

మానేయడం కూడా మామూలుగా కాదు. పెళ్ళినాటి నల్లకోటు తొడిగి, టై బిగించి, పడవల రేవులో చెక్కబాట చివరిదాకా నడిచేవాడు. పొగాకు పైపు నెత్తిమీదికి ఎత్తి, అవతలి ఒడ్డున ఉన్న దేవదారు చెట్లకు కూడా వినపడేలా మొదలుపెట్టేవాడు.

"నేను ఊరి బడిలో నాలుగేళ్ళు చదివిన తహ్వోని! చర్చి పడవల పందెంలో మూడు ఊళ్ళను ఓడించినవాణ్ణి! పాస్టరుగారి ముందు ధర్మబోధ మొత్తం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పినవాణ్ణి! వసంతం వరదలో దుంగల మీద నిలబడి నది దాటినవాణ్ణి! ఈ క్షణం నుంచి పొగ మానేస్తున్నాను!"

బుడుంగుమని పైపు నీళ్ళలో పడేది. జనం చప్పట్లు కొట్టేవారు. కొన్నాళ్ళు గడిచేసరికి సహకార సంఘం కొట్లో మామే స్వయంగా, గొంతు తగ్గించకుండా, తన ఓటమి ప్రకటించేవాడు. మా సరస్సులో చేపలు రాత్రిపూట దగ్గుతాయని పిల్లలు చెప్పుకునేవారు. వల వేసినవాళ్ళకు చేపకో పైపు వచ్చేది. మర్యాదస్తులు గనక వాటిని కడిగి తెచ్చి మామ గుమ్మంలో పెట్టిపోయేవారు.

నవ్వులాట అలా ఉంచితే, ఆ రోజుల్లో మా జిల్లాలో మగవాళ్ళు యాభై దాటడమే గగనంగా ఉండేది. కట్టెలు కొడుతూ ఒకడు, గడ్డి కోస్తూ ఒకడు, గుండె పట్టుకుని కూలబడేవారు. అప్పుడు జిల్లా ఆరోగ్యశాఖవాళ్ళు పొగ మాన్పించే కార్యక్రమం ఒకటి పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళలో మొట్టమొదట పేర్లిచ్చింది మా ఊరే. ఈ సంగతి ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నిజం. ఐలీ అనే నర్సు సైకిలు మీద వచ్చేది. ఆడవాళ్ళు సామాజిక భవనంలో కాఫీ కాచి, రై పిండి పేస్ట్రీల మీద వెన్న రాసేవారు. ఐలీ పెట్టిన నియమం ఒక్కటే. ఎవరూ ఒంటరిగా మానకూడదు, ఇద్దరిద్దరు జతకట్టి మానాలి.

పాల లారీ నడిపే కౌకో మొదటి సమావేశానికి ఆలస్యంగా వచ్చాడు. రోడ్డు పక్కన ప్రతి పొలం ముందూ పాలక్యాన్లు పెట్టే చెక్క అరుగు ఉంటుంది. అరుగుకో సిగరెట్టు చొప్పున కాల్చడం కౌకో అలవాటు. వాళ్ళ నాన్న కూడా ఇదే లారీ నడిపి, ఒక ఉదయం రెండు క్యాన్ల మధ్య కూలిపోయాడు. ఆయన పోయిన వయసుకు కౌకో ఒక్క ఏడాది దూరంలో ఉన్నాడు. ఈమధ్య క్యాను ఎత్తుతుంటే ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టు ఉంటోంది.

ఐలీ అతని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది.

"దాచకుండా చెబుతున్నాను కౌకో. ఇలాగే కాలిస్తే ఈ ఏటి మంచు నువ్వు చూస్తావని నేను మాటివ్వలేను."

పక్కనే ఉన్న అతని భార్య హెల్వీ కాఫీకప్పు ఠక్కున కింద పెట్టింది. "ఇప్పుడే మానేస్తాడు. జత ఎవరు?"

చూస్తే జతలన్నీ అయిపోయాయి. మూల కుర్చీలో నల్లకోటు తొడిగి, టై కట్టుకుని ఒక్కడే మిగిలాడు.

"అయ్యో దేవుడా, ఆయనా? ఇంకెవరూ లేరా నర్సమ్మా?" అంది హెల్వీ.

"లేరు. అయినా ఈ పనిలో ఆయనకు అనుభవం ఎక్కువ" అంది ఐలీ, నవ్వాపుకుంటూ.

"విన్నావా, అనుభవం!" అని తహ్వో మామ టై సర్దుకున్నాడు.

హెల్వీ తమ్ముడు ఓస్మో తలుపు దగ్గర నిలబడి, సిగరెట్టు చెయ్యి మాత్రం బయట పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈత నేర్చుకోవడానికి బండరాయితో జతకట్టావు గదా బావా!" నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక మళ్ళీ నవ్వాడు.

మర్నాడు రేవులో కౌకో మామూలు చొక్కాతో వచ్చాడని మామకు కోపం వచ్చింది.

"కోటేదిరా?"

"పాలు మోసేవాడికి కోటేమిటి మామా?"

"కోటు లేకుండా మానేస్తే నిలవదు. సరే, నా వెనక నిలబడు, నా కోటే ఇద్దరికీ సరిపోతుంది."

ఆ రోజు నుంచి మామ తెల్లవారకముందే వచ్చి లారీలో కూర్చునేవాడు. అది జూన్ నెల. మాకు జూన్‌లో చీకటన్నదే సరిగా పడదు గనక, తెల్లవారడమన్నది కూడా మాటవరసకే. సరస్సు మీంచి పొగమంచు లేచి రోడ్డంతా పాలు ఒలికినట్టు పరుచుకునేది. బర్చి చెట్ల తెల్లటి మొదళ్ళు ఒక్కొక్కటే తేలి వచ్చి, తేలిపోయేవి. లారీ నేల మీద నడుస్తున్నదో నీళ్ళలో ఈదుతున్నదో తెలిసేది కాదు. ఆ మెత్తటి తెల్లదనంలో మామ గొంతు ఆగకుండా సాగేది.

"అప్పుడు పాస్టరుగారు నా తల మీద చెయ్యిపెట్టి, తహ్వో, అన్నారు..."

"నిన్న చెప్పావు మామా."

"నిన్న ఎడమచెయ్యి సంగతి చెప్పలేదు."

సిగరెట్టు మానడం కష్టమా, మామను భరించడం కష్టమా అంటే కౌకో జవాబు చెప్పలేకపోయేవాడు. ఒక ఉదయం స్టీరింగు మీద కునికిపాటు పడ్డాడు. రెప్పపాటులో లారీ సరస్సు అడుక్కి మెల్లగా దిగిపోయింది. అక్కడ ముసలి చేపలు వరసగా బెంచీల మీద కూర్చుని, మామ విసిరిన పైపులు వెలిగించుకుని, బుడగలు బుడగలుగా పొగ వదులుతున్నాయి. ఒక పెద్ద చేప కాస్త జరిగి చోటిచ్చి, "రా కౌకో, మీ నాన్న కూడా ఇక్కడే కూర్చునేవాడు" అంది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి మామ చెయ్యి స్టీరింగు మీద ఉంది. లారీ తిన్నగా పోతోంది. మామ ఇంకా పడవ పందెం చెబుతూనే ఉన్నాడు.

ఆ కల కౌకోను వదల్లేదు. భయం వేస్తే ధైర్యం కోసం చెయ్యి ఎప్పుడూ సిగరెట్టుకే పోయేది, ఇప్పుడు చెయ్యి ఎక్కడికి పోవాలి? ఇంట్లో కాఫీ చల్లగా ఉందని హెల్వీ మీద అరిచాడు. కాఫీ వేడిగానే ఉంది. ఆ కోపంలోనే కొట్టుకు పోయి, "ఓస్మో కోసం" అని ఒక పెట్టె కొని, లారీలో సామాను అరలో పడేశాడు.

మర్నాడు పొద్దున మామ లారీ ఎక్కాడు. కౌకో చెయ్యి ఊరికే ఆ అర మూత మీదికి పోవడం, వెనక్కి రావడం చూశాడు. ఆ పొద్దు పడవ పందెం లేదు, పాస్టరుగారు లేరు. రంపపు మిల్లు మలుపులో మాత్రం అన్నాడు.

"ఇక్కడ దింపు. సాయంత్రం మా ఆవిరిస్నానాల కొట్టం, సౌనా వెనకవైపుకు రా. చేపలకు పొగపెట్టి వండుతాను, హెల్వీకి రెండు పట్టుకెళ్ళు."

సాయంత్రం కౌకో బయల్దేరాడు. దారిలో ఎక్కడైనా ఆపి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, వెలిగిద్దామనుకున్నాడు. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు చెయ్యి ఊపారు. సరే, మామ ఇంటి వెనక పొదల్లో కానిద్దామని సిగరెట్టు పెట్టె జేబులో వేసుకుని నడిచాడు. సౌనా మూల తిరిగి అలాగే నిలబడిపోయాడు.

మామ పళ్ళ మధ్య పైపు ఉంది. నెత్తిమీద నీలంగా పొగ. సాయంకాలపు ఎండ ఆ పొగలో చిక్కుకుని, ముసలాయన చర్చి గోడ మీది పటంలో సాధువులా ఉన్నాడు.

"మామా!"

మామ దొంగలా తల దించుకున్నాడు.

"సిగ్గులేదా మామా నీకు? కోటు వేసుకుని మరీ ఒట్టుపెట్టావు! పోనీ నీ ఊపిరితిత్తులేమైనా కొత్తవా?"

"కావు."

"ఇంట్లో గోడలు పాడు, బట్టలు కంపు, డబ్బు దండగ!"

"నిజమే బాబూ. ఇంకా?"

"ఇంకా ఏమిటి ఇంకా! నిన్ను చూసి పిల్లలు నేర్చుకోరా?"

"నేర్చుకుంటారు. గుండె సంగతి చెప్పలేదు నువ్వు."

"గుండె..." కౌకో సరస్సు వైపు తిరిగాడు. "పాలక్యాను ఎత్తుతూ మా నాన్న పడిపోతే, నేను ముందు క్యాను పట్టుకున్నాను మామా. పాలు ఒలికిపోతాయని. నాన్నను తర్వాత పట్టుకున్నాను. అదీ గుండె సంగతి. నీకేం తెలుసు?"

సరస్సు మీద ఒక నీటికోడి పొడుగ్గా కూసింది. అవతలి ఒడ్డు దానికి జవాబిచ్చింది. కౌకో జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి, మామ చేపలకు పొగపెడుతున్న రేకుపెట్టె కింద మంటలోకి విసిరికొట్టాడు. "నేనైతే నీలా దొంగతనంగా కాల్చను" అన్నాడు. అన్న మరుక్షణం అది నిజమైంది.

ఆ రాత్రి భోజనంలో హెల్వీ చేప నోట్లో పెట్టుకుని కనుబొమలు ముడేసింది. "ఇదేం రుచి? ఈ చేప సిగరెట్టు తాగి చచ్చినట్టుంది."

మర్నాడు కొట్లో మామ ఓటమి ఒప్పుకున్నాడు. ఊరంతా నవ్వింది. కౌకోకు మాత్రం ఆ వేసవి ఒక ఊతకర్ర దొరికింది. ప్రాణం సిగరెట్టు కోసం లాగినప్పుడల్లా, 'ఛ, నేను తహ్వో మామ లాంటివాణ్ణా?' అనుకునేవాడు. కోరిక సరస్సు మీది పొగమంచులా కాసేపు తచ్చాడి, విడిపోయేది. క్యాను ఎత్తినప్పుడు ఛాతీలో పిడికిలి కూడా ఒక్కొక్క వేలే విప్పుకుంది.

బర్చి ఆకులు పసుపెక్కేసరికి ఐలీ ఒక కొత్త యంత్రం తెచ్చింది. గొట్టంలోకి గట్టిగా ఊదితే, మనిషి పొగ తాగేదీ లేనిదీ సూది చెప్పేస్తుంది. భవనంలో వెనక గదిలో పెట్టి, జతల వారీగా పిలిచింది. కౌకో ఊదాడు. సూది కాస్త కదిలి, అడుగునే ఆగింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక మీరు" అంది ఐలీ.

"నాకు జలుబు" అన్నాడు మామ.

"పర్లేదు ఊదండి."

"నాది చర్చి పడవ నడిపిన ఊపిరి. నీ డబ్బా పగిలిపోతుంది నర్సమ్మా, నీకెందుకు నష్టం?"

చివరికి ఊదక తప్పలేదు. సూది కదల్లేదు. ఐలీ యంత్రం మీద తట్టి మళ్ళీ ఊదమంది. సూది నిద్రపోయినట్టు అలాగే ఉంది.

"తహ్వోగారూ, మీరు ఆఖరిసారి పొగ ఎప్పుడు తాగారు?"

"ఈ పొద్దున్నే! కడుపునిండా!"

"యంత్రం అలా అనడం లేదే."

"యంత్రం అబద్ధాలకోరు! ఊరి ముందు నన్ను మంచివాణ్ణి చేద్దామని చూస్తోంది!"

కౌకోకు సౌనా వెనక సాయంత్రం కళ్ళముందు నిలిచింది. పైపు మామ నోట్లోనే ఉంది. పొగ మాత్రం లేచింది ఆయన వెనకున్న చేపల పెట్టెలోంచి.

"మామా, ఎన్నాళ్ళైంది నువ్వు మానేసి?"

మామ కుర్చీలో కుంగిపోయాడు. "నా పెద్ద మనవరాలు పుట్టినప్పుడు. దానికిప్పుడు పెళ్ళీడు." అంతలోనే గర్వం ఆగక వెన్ను నిటారుగా చేశాడు. "మొదటిసారికే మానేశాను! ఒక్క దెబ్బకి! ఆ సంగతి ఊరంతా తిరిగి చెప్పాను. ఏమైంది? నన్ను చూస్తే జనం సందుల్లోకి తప్పుకునేవారు, సిగరెట్లు వీపు వెనక దాచేవారు. ఒక రోజు విసుగెత్తి, నేను మళ్ళీ మొదలుపెట్టానురా అన్నాను కొట్లో. అబ్బ, ఎంత ప్రేమగా తిట్టారనుకున్నావు! అలా తిట్టినవాళ్ళలో ముగ్గురు తిట్టి తిట్టి వాళ్ళే మానేశారు."

మామ టై ముడి వదులు చేసుకున్నాడు.

"నాకున్న ఘనతలన్నిట్లో పెద్దది ఇదే కౌకో. ఈ ఒక్కటే చెప్పుకోకూడదు. ఎంత నరకమో తెలుసా?"

బయటనుంచి జనం తలుపు తట్టారు. "ముసలాయన సంగతేమిటి? చెప్పండి, చెప్పండి!"

ఐలీ సూదిని గోడవైపు తిప్పేసింది. "ఎవరి ఊపిరి సంగతీ నేను బయటపెట్టకూడదు. అది మా నియమం" అని, గొట్టం తుడవడంలో మునిగిపోయింది.

కౌకో లేచాడు. మామ రెక్క పట్టుకుని తలుపు తీసి, జనం మధ్యకు లాక్కొచ్చాడు.

"చూశారా ఈ పెద్దమనిషిని! సూది ఆ చివర్న తగులుకుని వెనక్కి రానంటోంది! నర్సమ్మ డబ్బా మసిబారిపోయింది! మామా, సిగ్గులేదా నీకు?"

భవనం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. మూడు ఊళ్ళను ఓడించినవాడు, వరద నదిని దాటినవాడు, ఆ నవ్వుల మధ్య గడ్డం ఛాతీకి ఆనించి, కోటు గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. పెదవులు మాత్రం కౌకో చెవి దగ్గర కదిలాయి.

"ఇంకాస్త గట్టిగా తిట్టవోయ్. ఆ చివర బల్ల దగ్గర ఓస్మో ఉన్నాడు. దగ్గులో వాడికి సరిగ్గా వినపడలేదు."

కౌకో గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అంత గాలి పట్టింది అందులో. దాన్నంతా ఖర్చుపెట్టి తిట్టాడు.

ఓస్మో దగ్గు ఆపుకుని, కళ్ళు తుడుచుకుని, మామను కిందనుంచి పైదాకా చూశాడు. "ఈయన కంటే నేను చాలా నయం గదా" అన్నాడు. కాఫీకప్పు బల్ల మీద పెట్టి, తనకంటే అధ్వాన్నమైనవాడు దొరికిన సంబరంతో వెలిగిపోతూ, తానూ పొగ మానడానికి జతకట్టేందుకు ముందుకొచ్చాడు.