ఆ భాష ఎవరికి తెలుస్తుంది?

ఇళవరసి అమ్మానాన్నలు పెన్నాగరం నుంచి బస్సెక్కి వచ్చి తమిళనాడు ధర్మపురిలో ఇటుకలు మోసినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నర్సు చదువుకని చేరిన పిల్ల, పురుగుల మందు తాగి బతికిన ఆడవాళ్ళను వార్డులో ప్రతివాళ్ళూ ఎందుకు తాగావని గద్దించడం చూసి దారి మార్చుకుంది. మనస్తత్వశాస్త్రం చదివి, ఒక సేవాసంస్థలో కౌన్సెలర్‌గా చేరింది.

పని నేర్పింది సంస్థ పెద్ద కలైయరసన్. ఎదుటి మనిషి ఏడుస్తుంటే తొందరపడి నీళ్ళు కూడా అందించవద్దని, ఇక ఆపమన్నట్టు ఉంటుందని చెప్పింది ఆయనే. మిగతాది ఆమె సొంతం. అలా బతికి బయటపడ్డవాళ్ళ ఇంటికే వెళ్ళేది. ముందు ఇంట్లోని పురుగుల మందు బయటికి పంపించేది. వాళ్ళు చింతపండు గింజలు తీస్తుంటే తానూ ఒక చెయ్యి వేసేది. తమిళంలో అడిగితే ఒంట్లో బాగాలేదని తప్పించుకునే ఆడది, ఇంటి భాష తెలుగులోకి రాగానే జరిగింది చెప్పేది.

నల్లంపల్లి పూంగావనం అలాగే చెప్పింది, కట్టడం పనిలో మేస్త్రీ తనను ఏం చేశాడో. రికార్డు చేసుకోనా అని ఇళవరసి అడిగితే ఆమె ఎదురు అడిగింది.

"నీ చెవి దాటి పోదు కదా పాపా?"

"మా సారుకు మాత్రం వినిపిస్తానక్కా, నా పని దిద్దేదానికి. ఇంకెవురికీ లేదు."

సంస్థ వార్షిక సభలో, విరాళాలిచ్చే పెద్దల ముందు, కలైయరసన్ ఆ గొంతు మైకులో వినిపించాడు. తెర మీద తమిళ అక్షరాల్లో అనువాదం. ముందు వరుసలు కళ్ళు తుడుచుకున్నాయి. ఆ మేస్త్రీ ఎవరని మాత్రం ఒక్కరూ అడగలేదు. వెనక కుర్చీలు సర్దుతున్న తెలుగు కూలీలకు అక్షరాలతో పనిలేదు. గొంతు ఎవరిదో తెలిసిపోయింది. మాట మేస్త్రీకి చేరింది. అతను పూంగావనాన్నీ ఆమె మొగుణ్ణీ పనిలోంచి తరిమేసి, ఆమె అబద్ధాలకోరని ఊరంతా చాటాడు.

ఇళవరసి నిలదీస్తే కలైయరసన్ నిదానంగానే మాట్లాడాడు. పేరు చెప్పలేదన్నాడు, ముఖం చూపలేదన్నాడు.

"అయినా ఆ భాష ఇక్కడ ఎవరికి తెలుస్తుందమ్మా?"

ఎవరిని అడుగుతున్నాడో ఆయనకు తట్టనే లేదు. తరతరాలుగా ఈ ఊరి గోడలు కట్టినవాళ్ళకు చెవులుంటాయనీ తట్టలేదు. ఇళవరసి లేచి నల్లంపల్లి బస్సెక్కింది.

పూంగావనం గుమ్మంలోనే నిలబడి, ఆఫీసువాళ్ళను అడిగినట్టు, ఏం కావాలండీ అని తమిళంలో అడిగింది. ఇళవరసి ఏదీ దాచలేదు. వినిపించింది సారు, మాటిచ్చింది తాను అని చెప్పింది. పూంగావనం తలుపు మూసుకుంది.

లోపల ఆమె ఒక్కతే. ఇళవరసి పక్కింటి మూకాయిని పిలిచి, ఆమెను ఒంటరిగా వదలొద్దని, పురుగుల మందు ఏదైనా ఉంటే తీసేయమని, తేడాగా అనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకుపొమ్మని బతిమాలింది.

మూకాయి అప్పటికే చేతులు కొంగుకు తుడుచుకుంటూ పూంగావనం ఇంటి వైపు కదిలింది.

"నేను చూసుకుంటా లే. నువ్వు ఇంక పో. ఇది కూడా యాడ వినిపిస్తావో ఏమో."