ముప్పావు వంతే మోసిన ఇన్వర్టర్

నిన్న గ్రూప్ డిస్కషన్‌లో నన్ను ఓడగొట్టింది ఎవరనుకున్నరు? తోటి క్యాండిడేట్లు కాదు. నా గది మూలకు కూర్చున్న ఇన్వర్టర్.

ఎల్‌బీనగర్‌లో మేడ మీద రేకుల గది నాది. మే నెల మధ్యాహ్నం అందులో అప్పడాలు పొయ్యి లేకుండనే వేగుతయ్. ఉద్యోగానికి ఆన్‌లైన్ రౌండ్ సరిగ్గా ఆ టైముకే. కరెంటు పోయేదీ అప్పుడే. అందుకే పొద్దున్నే డెస్క్‌టాప్, వైఫై, ఫ్యాను, కూలర్, ఆఖరికి ఛార్జర్ తీస్తే ఆరిపోయే ఫోను, అన్నీ ఇన్వర్టర్‌కే తగిలించిన.

మా ఓనర్ ఆంటీది తెనాలి. మిరపకాయలు ఎండబెట్టడానికి పైకొచ్చి తొంగిచూసింది.

"కూలర్ కూడా దానికేనా? తీసెయ్యమ్మా. పెట్టె మీద రాసినంతా మోయించకూడదు. ఈ వేడికి ముప్పావు వంతు మోస్తే గొప్ప."

నేను ఊకుంటనా? కాలేజీల డిబేట్ కప్పులు ఊకెనే రాలె.

"ఏడొందల వాట్లని రాసుంది ఆంటీ. నేను కూడి చూసిన, సరిగ్గా ఏడొందలే. ముప్పావే మోసేదైతే ముప్పావే రాయాలె గదా?"

"అది చల్లటి గదిలో చూసి రాసిన లెక్క. నీ గది చల్లగా ఉందా?"

"చల్లగ చేసెటందుకే గదా కూలర్."

ఆంటీ మిరపకాయలు ఎండకు పరిచింది. ఖాళీ చేట ఎత్తుకొని దిగిపోయింది. గెలిచిన.

మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకుంది. నాకంటే ముందు మాట్లాడినాయన పాయింటును ముక్కలు చేస్తున్న. "ఈ వాదనలో అసలు లోపం ఏంటంటే..." అన్ననో లేదో, మూలకెల్లి కుయ్యిమని ఒక్క అరుపు. స్క్రీన్ నల్లగైంది. ఫోనూ దాంతోనే ఆరిపోయింది. చెమటలు తుడుచుకుంట కిందికి ఉరికిన.

"ఆంటీ, ఇన్వర్టర్ ఆగిపోయింది. జర చూడుర్రి."

ఆంటీ కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు.

"అదేంటమ్మా, పొద్దున నువ్వు గెలిచావుగా. ఆ సంగతి దానికి చెప్పలేదూ?"

అది చల్లారి మళ్లీ ఆన్ అయ్యేసరికి అవతల డిస్కషన్ ముగిసింది. ఎట్లనో బతిమాలుకుంటే రేపు ఇంకో ఛాన్స్ ఇస్తమన్నరు. కూలర్ ప్లగ్గు పీకేసిన. మిరపకాయలు తీయడానికి పైకొచ్చిన ఆంటీ అది చూసి ఇంకో సలహా ఇచ్చింది: "రేపు నోరు కూడా ముప్పావు వంతే వాడు తల్లీ."

దీని మీద నా దగ్గర బలమైన వాదన ఉండె. కానీ రేకులు ఇంకా కాలుతనే ఉన్నయ్, నోరు ముప్పావు కాడనే ఆపిన.